షాఫ్టు బండి మేలా, చైను బండి మేలా? కాడుగోడి దారిలో పాత మోటారు సైకిలు కొనేవారికి

బెంగళూరు నగరానికి తూర్పు అంచున ఉన్న కాడుగోడి పేరు వినని ఇల్లు మన సరిహద్దు గ్రామాలలో అరుదు. అక్కడి బృందావన ఆశ్రమం వల్ల ఈ ఊరు తెలుగువారికి చాలాకాలంగా పరిచయమే. తరువాత వైట్‌ఫీల్డ్ పరిసరాలలో పరిశ్రమలు, కంప్యూటరు సంస్థలు వెలిశాయి. వాటి వెనుకనే గిడ్డంగులు, ఆసుపత్రులు, కాపలా పనులు, వంట పనులు వచ్చాయి. 2013లో కోలారు జిల్లా నరసాపురలో హోండా ద్విచక్ర వాహనాల కర్మాగారం మొదలైంది. 2023 మార్చిలో మెట్రో రైలు కాడుగోడి వరకు చేరింది. వైట్‌ఫీల్డ్ పేరుగల రైల్వే స్టేషను కూడా నిజానికి కాడుగోడిలోనే ఉన్నది. కుప్పం, బంగారుపేట, మాలూరు స్టేషన్లు ఆ మార్గంలోనివే.

అయితే రైలు మన ఊరి గడప దాకా రాదు. రాత్రి షిఫ్టు ముగిసే వేళకు బస్సు దొరకదు. కావున ఇంట్లో ఒకరికి కాడుగోడి వైపు పని దొరికిందంటే, ఆ కుటుంబం మొదట ఆలోచించేది ఒక మోటారు సైకిలు గురించి. కొత్తది కొనే స్తోమత అందరికీ ఉండదు గనుక పాత బండి వెదకడం సహజం. ఇటీవల యువకులు చరవాణిలో వీడియోలు చూసి ఒక మాట తరచుగా అంటున్నారు: "షాఫ్టు బండి కొంటే చైను బాధే ఉండదు, వానలోనైనా ఎండలోనైనా నడుస్తుంది." ఈ మాటలో కొంత సత్యమున్నది, కొంత ప్రమాదమూ ఉన్నది. పిల్లవాని మాట కాదనలేక, ఔననలేక సతమతమయ్యే తల్లిదండ్రులకు ఉపయోగపడుతుందని ఈ వివరణ.

షాఫ్టు అంటే ఏమిటి?

ఇంజనులో పుట్టిన శక్తిని వెనుక చక్రానికి చేర్చే సాధనం ప్రతి బండికీ ఉండవలెను. మన మోటారు సైకిళ్లలో ఆ పని చైను చేస్తుంది. షాఫ్టు బండిలో చైనుకు బదులు ఒక ఉక్కు కడ్డీ తిరుగుతుంది. దీనిని అర్థం చేసుకోవడానికి దూరం పోనక్కరలేదు. లారీ కింద పొడవుగా తిరిగే ప్రొపెల్లర్ షాఫ్టును మనమందరం చూసినవారమే. దాని కొనలో ఉండే క్రాసు జాయింటు, వెనుక హౌసింగులో ఉండే క్రౌను, పినియను మన మెకానికులకు తెలిసినవే. అదే ఏర్పాటును చిన్నదిగా చేసి మోటారు సైకిలుకు అమర్చితే షాఫ్టు డ్రైవ్ అవుతుంది.

ఇది కొత్త కల్పన కాదు. జర్మనీకి చెందిన బి.ఎం.డబ్ల్యు. సంస్థ 1923లో తన మొదటి మోటారు సైకిలు ఆర్‌ 32ను షాఫ్టుతోనే తయారు చేసింది. హోండా వారి గోల్డ్ వింగ్ 1975లో షాఫ్టుతోనే వచ్చింది. ఈ పద్ధతిలోని మేలు స్పష్టమే. పళ్ల చక్రాలు మూసిన పెట్టెలో నూనెలో తిరుగుతాయి కనుక దుమ్ము, బురద, వాన నీరు వాటిని తాకవు. వారం వారం నూనె వేయడం, బిగించడం ఉండదు. నిర్ణీత దూరానికి ఒకసారి హౌసింగులోని నూనె మార్చితే చాలును.

కీడు కూడా ఉన్నది. షాఫ్టు, హౌసింగు బరువైనవి, ఖరీదైనవి. శక్తి మలుపు తిరిగి చక్రానికి చేరే క్రమంలో చైను కంటే కొంచెం ఎక్కువ వృథా అవుతుంది. అన్నిటికీ మించి, చైను తెగితే ఏ ఊరి మెకానికైనా అతికించగలడు. క్రౌను, పినియను అరిగితే ఆ బండి విడిభాగం వచ్చే వరకు ఇంట్లోనే నిలబడుతుంది.

మన దేశంలో షాఫ్టు బండ్లు ఏవి?

ఇక్కడే ఆశకు అడ్డుకట్ట పడుతుంది. మన గ్రామాలలో తిరిగే నూరు సి.సి. మొదలు నూట యాభై సి.సి. వరకు గల పెట్రోలు మోటారు సైకిళ్లన్నీ చైను బండ్లే. మన దేశంలో అమ్ముడైన షాఫ్టు మోటారు సైకిళ్లు బి.ఎం.డబ్ల్యు. ఆర్‌ శ్రేణి, హోండా గోల్డ్ వింగ్ వంటి పెద్ద, విదేశీ నమూనాలు. పాతవైనా వాటి ధర లక్షలలోనే ఉంటుంది. ఒక్క టైరు ధరకు మన చిన్న బండికి ఏడాది మరమ్మతులు జరిగిపోతాయి.

పేరు చూసి మోసపోయే అవకాశం ఒకటి ఉన్నది. బి.ఎం.డబ్ల్యు. జి 310 అనే బండి మనకు దగ్గరలోని హోసూరులో, టి.వి.ఎస్‌. కర్మాగారంలో తయారయింది. పాత బండ్ల సంతలో ఇది కొంత అందుబాటు ధరకు కనిపిస్తుంది. "బి.ఎం.డబ్ల్యు. అంటేనే షాఫ్టు" అని దళారి చెబితే నమ్మరాదు. అది చైను బండి. పేరు ఏదైనా, బండికి ఎడమ, కుడి వైపుల వంగి చూసి, వెనుక చక్రానికి శక్తి ఎలా చేరుతున్నదో కళ్లతో చూసి తెలుసుకొనవలెను.

బడిలో చేసే లెక్క

ఇల్లు, పని చోటు మధ్య దూరం 30 కిలోమీటర్లు అనుకుందాం. రోజుకు 60. నెలకు 26 పని దినాలకు 1,560 కిలోమీటర్లు. సంవత్సరానికి 18,720 కిలోమీటర్లు. లీటరుకు 60 కిలోమీటర్లు ఇచ్చే చిన్న బండికి నెలకు 26 లీటర్లు కావాలి. లెక్క సులభంగా ఉండడానికి లీటరు 100 రూపాయలనుకుంటే 2,600 రూపాయలు. లీటరుకు సుమారు 20 కిలోమీటర్లు ఇచ్చే పెద్ద షాఫ్టు బండికి 78 లీటర్లు, అనగా 7,800 రూపాయలు. తేడా నెలకు 5,200 రూపాయలు. ఇది పెట్రోలు లెక్క మాత్రమే. బీమా, టైర్లు, విడిభాగాలు ఇంకా చేర్చలేదు.

మరొక వైపు చూడండి. చిన్న బండికి చైను, ముందు వెనుక స్ప్రాకెట్లు కలిసిన చైను సెట్టు ఒకటి రెండు వేల రూపాయలలో వస్తుంది. శ్రద్ధ తీసుకుంటే 20 వేల కిలోమీటర్లు, అంతకు మించి కూడా నడుస్తుంది. పై లెక్క ప్రకారం ఏడాదికి ఒకసారి చైను సెట్టు మార్చినా, పెద్ద బండికి ఒక్క నెలలో అదనంగా పోసే పెట్రోలు ఖర్చుకు అది సరితూగదు. చైను బాధ తప్పించుకోవడానికి షాఫ్టు బండి కొనడం, దోమ తెరకు బదులు కోట గోడ కట్టుకోవడం వంటిది.

అసలు బాధ చైను కాదు, తెరిచి ఉన్న చైను

చైను ఊరకనే చెడదు. దుమ్ము, నీరు, నూనె లేమి దానిని చెడగొడతాయి. మన దారులలోని ఎర్రమట్టి, రాతి క్వారీల పొడి నూనెలో కలిసి ఆకురాయిలా పనిచేస్తాయి. పంట నూర్పిడి రోజులలో రాగి చెత్త, ఉలవ కట్టె రోడ్డు మీద పరచడం కోలారు, చిత్తూరు ప్రాంతాలలో ఆనవాయితీ. ఆ ఉలవ తీగ తెరిచి ఉన్న చైనులో చుట్టుకున్నదంటే చక్రం బిగుసుకుని మనిషి పడిపోతాడు.

దీనికి మన పెద్దలు వాడిన బండ్లలోనే సమాధానం ఉన్నది. మైసూరులో తయారైన జావా బండికి చైను పూర్తిగా రేకు పెట్టెలో ఉండేది. 1985లో వచ్చిన హీరో హోండా సి.డి. 100, 1994లో వచ్చిన స్ప్లెండర్ అదే దారిని అనుసరించాయి. నేటికీ స్ప్లెండర్, హెచ్‌.ఎఫ్‌. డీలక్స్, ప్లాటినా, షైన్ వంటి రోజువారీ బండ్లకు నిండు చైను కవరు ఉంటుంది. షాఫ్టు ఇచ్చే మేలులో పెద్ద భాగం, అనగా దుమ్ము నీరు తగలకపోవడం, ఈ నిండు కవరు తక్కువ ఖర్చుతో ఇస్తుంది. అందం కోసం చైను సగం తెరిచి ఉంచిన వేగపు బండ్లు ఏడాది పొడవునా పల్లె దారిలో తిరిగేవారికి తగినవి కావు.

పాత బండి కొనేటప్పుడు ఈ కవరు ఉన్నదా, దాని రబ్బరు మూత ఉన్నదా, అడుగున పగిలి ఉన్నదా చూడవలెను. శబ్దం వస్తున్నదని కొందరు కవరు తీసి పారేస్తారు. కవరు లేని బండి కొంటే, చైను సెట్టుతో పాటు కవరు ఖర్చు కూడా ధరలో తగ్గించమని అడగడం న్యాయం.

చైను లేని ఇతర బండ్లు

చైనే వద్దనుకునేవారికి షాఫ్టు తప్ప మార్గం లేదని భావించనవసరం లేదు. పాత బజాజ్ చేతక్ స్కూటరులో చైనూ లేదు, షాఫ్టూ లేదు. ఇంజను వెనుక చక్రం పక్కనే ఉండి పళ్ల చక్రాల ద్వారా నేరుగా తిప్పేది. కాని ఆ పెట్రోలు చేతక్ తయారీ రెండు దశాబ్దాల క్రితమే ఆగిపోయింది. నేడు అదే పేరుతో అమ్ముతున్నది విద్యుత్ స్కూటరు. పాత చేతక్ ఇంట్లో జ్ఞాపకంగా ఉంచుకోవచ్చు గాని, రోజుకు 60 కిలోమీటర్ల పనికి కొనరాదు.

గేర్లు లేని స్కూటర్లలో చైనుకు బదులు రబ్బరు బెల్టు మూసిన పెట్టెలో తిరుగుతుంది. ఆడవారు, మగవారు ఇద్దరూ నడపగలగడం ఒక సౌకర్యం. అయితే బెల్టుకు వయసున్నది. తయారీదారు చెప్పిన దూరానికి మార్చకపోతే ముందుగా ఏ సూచనా లేకుండా తెగి, నడిదారిలో నిలబెడుతుంది. చక్రాలు చిన్నవి కనుక గుంతల దారిలో కుదుపు ఎక్కువ. ఇంటి నుండి రైల్వే స్టేషను వరకు ఐదారు కిలోమీటర్లు పోయి, అక్కడ నిలిపి రైలెక్కేవారికి స్కూటరు చాలును. మాలూరు, హొసకోట దారుల మీదుగా ప్రతి దినం కాడుగోడికి పోయి వచ్చేవారికి పెద్ద చక్రాల మోటారు సైకిలే మేలు.

ఏ సంవత్సరపు బండి?

2019 ఏప్రిల్ నుండి తయారైన బండ్లలో బ్రేకుల విషయంలో మేలైన మార్పు వచ్చింది. 125 సి.సి. వరకు గల బండ్లకు ఒక్క పెడలు నొక్కితే రెండు చక్రాలకూ బ్రేకు పడే ఏర్పాటును, అంతకు మించిన వాటికి చక్రం బిగుసుకుని జారకుండా కాపాడే ఎ.బి.ఎస్‌.ను తప్పనిసరి చేశారు. వానలో తిరిగేవారికి ఇది ప్రాణరక్షణ వంటిది. 2020 ఏప్రిల్ నుండి బి.ఎస్‌. 6 నియమం వచ్చి, చాలా బండ్లలో కార్బురేటరు పోయి ఇంధన ఇంజెక్షను వచ్చింది. చలి ఉదయాలలో అవి సులభంగా స్టార్టవుతాయి. అయితే వాటి దోషాన్ని కనిపెట్టడానికి పరికరం ఉన్న మెకానికు కావాలి. మీ ఊరికి దగ్గరలో అటువంటివాడు ఉన్నాడో లేదో ముందే విచారించవలెను.

ఇంకొక సంగతి. 2025 నాటికి దేశంలో అమ్మే పెట్రోలులో 20 శాతం ఇథనాలు కలుపుతున్నారు. 2023కు ముందు తయారైన చాలా బండ్ల రబ్బరు గొట్టాలు, వాషర్లు దీనిని ఉద్దేశించి చేసినవి కావు. ఇథనాలు తేమను పీల్చుకుంటుంది కూడా. పాత బండి కొన్నప్పుడు ట్యాంకు మూత తీసి లోపల తుప్పు ఉన్నదా చూడడం, పెట్రోలు గొట్టం గట్టిపడి పగుళ్లు తేలితే మార్చించడం మంచిది.

బండిని పరీక్షించే విధం

బండిని పగటి వెలుగులో, వాన లేని సమయంలో చూడవలెను. మీరు వచ్చేసరికి ఇంజను వేడిగా ఉంటే, చల్లారే వరకు ఆగి తరువాత స్టార్టు చేయించండి. చల్లని ఇంజను రెండు మూడు కిక్కులలో అందుకోవాలి. సైలెన్సరు నుండి ఆగకుండా నీలి పొగ వస్తే ఇంజను నూనె తాగుతున్నదని అర్థం.

చైను కవరు పైనుండే రబ్బరు మూత తీసి వెనుక చక్రాన్ని నెమ్మదిగా చేతితో తిప్పి చూడవలెను. ఒక చోట బిగువు, మరొక చోట వదులు ఉంటే చైను పని అయిపోయిందన్నమాట. స్ప్రాకెట్టు పళ్లు సమంగా లేక ఒక వైపుకు కొక్కెంలా వంగి ఉంటే మొత్తం సెట్టు మార్చవలసినదే. పాత పళ్లకు కొత్త చైను తొడిగితే ఆ కొత్తది కూడా త్వరలోనే పోతుంది. చైను అతుకుకు ఉండే చిన్న లాకు మూసిన కొన చైను పరుగెత్తే దిక్కుకు ఉండాలి. తిరగబడి ఉంటే అది ఊడిపోయే ప్రమాదమున్నది.

మీటరు చూపే అంకెను నమ్మి ధర నిర్ణయించరాదు. కాలు పెట్టే రబ్బర్లు, బ్రేకు పెడలు, హ్యాండిలు పిడులు ఎంత అరిగాయో అవే నిజం చెబుతాయి. టైరు పక్కన నాలుగు అంకెలు అచ్చువేసి ఉంటాయి. మొదటి రెండు వారాన్ని, చివరి రెండు సంవత్సరాన్ని సూచిస్తాయి. 1522 అని ఉంటే 2022లో 15వ వారంలో తయారైనదని అర్థం. పళ్లు మిగిలి ఉన్నా, ఏళ్లు గడిచి గట్టిపడిన రబ్బరు తడి రోడ్డుమీద జారుతుంది. హ్యాండిలును రెండు చేతులతో వదులుగా పట్టి, తిన్నని రోడ్డుపై మెల్లగా పోనిచ్చినప్పుడు బండి ఒక పక్కకు లాగితే, ఎప్పుడో పెద్ద దెబ్బ తగిలిన బండి కావచ్చు.

ఇంత చదివినా షాఫ్టు బండే కావాలనుకునే స్తోమతపరులకు రెండు మాటలు. వెనుక చక్రాన్ని పైన, కింద పట్టుకుని పక్కలకు ఊపితే కదలిక ఉండరాదు. హౌసింగు చుట్టూ నూనె చెమ్మ ఉండరాదు. నూనె తీయించి చూసినప్పుడు అందులో లోహపు రజను పలుకులుగా తేలితే ఆ బండి జోలికి పోరాదు.

సరిహద్దు దాటే కాగితాలు

ఇంజను కంటే ముఖ్యమైనది ఇది. మన ప్రాంతంలో ఒక విచిత్రమున్నది. ఇల్లు ఆంధ్రలో, పని కర్ణాటకలో, బండి అమ్మినవారు మరొక చోట ఉంటారు. చిత్తూరు పాత బండికి ఎ.పి. 03, 2019 తరువాతి చాలా ఆంధ్ర బండ్లకు ఎ.పి. 39, కోలారు బండికి కె.ఎ. 07, కె.జి.ఎఫ్‌. బండికి కె.ఎ. 08, కాడుగోడి వైపున కృష్ణరాజపురం బండికి కె.ఎ. 53 అని ఉంటుంది. నెంబరును బట్టి ముందు చేయవలసిన పని మారుతుంది.

1988 నాటి మోటారు వాహనాల చట్టం ప్రకారం ఒక రాష్ట్రంలో నమోదైన బండిని మరొక రాష్ట్రంలో పన్నెండు నెలలకు మించి ఉంచితే, అక్కడ కొత్త నెంబరు తీసుకొనవలెను. దానికి ముందు పాత ఆర్‌.టి.ఓ. కార్యాలయం నుండి ఫారం 28 ద్వారా అభ్యంతరం లేదన్న పత్రం, అనగా ఎన్‌.ఓ.సి. తీసుకొనవలెను. తరువాత కొత్త చోట జీవితకాల పన్ను కట్టవలెను. పాత రాష్ట్రంలో కట్టిన పన్నులో మిగిలిన కాలానికి తిరిగి ఇవ్వమని దరఖాస్తు చేసుకోవచ్చు. కాబట్టి ఇతర రాష్ట్రపు నెంబరు గల బండి ధర తక్కువగా కనిపిస్తే సంతోషించక, ఈ పన్నును ధరకు కలిపి చూడవలెను. చాలాసార్లు తేడా అక్కడే పోతుంది.

పేరు మార్పు విషయంలో గడువులున్నాయి. అదే రాష్ట్రంలో అమ్మితే అమ్మినవారు 14 రోజులలో, ఇతర రాష్ట్రపు బండి అయితే 45 రోజులలో ఆర్‌.టి.ఓ.కు తెలియజేయవలెను. కొన్నవారు 30 రోజులలో తెలియజేయవలెను. ఫారం 29, ఫారం 30 దీనికి సంబంధించినవి. బీమాను కూడా తమ పేరుకు మార్చమని కొన్నవారు 14 రోజులలో బీమా సంస్థకు దరఖాస్తు పెట్టుకొనవలెను. బండిపై అప్పు ఉన్నట్లు ఆర్‌.సి.లో రాసి ఉంటే, బ్యాంకు ఇచ్చిన ఎన్‌.ఓ.సి., ఫారం 35 లేకుండా డబ్బు ఇవ్వరాదు.

"తెలిసినవాడే కదా, పేరు తరువాత మార్చుకుందాం" అని మన పల్లెలలో అనేక బండ్లు చేతులు మారుతున్నాయి. దీని ఫలితమెంత కఠినమో సుప్రీంకోర్టు 2018 ఫిబ్రవరిలో నవీన్ కుమార్, విజయ్ కుమార్ వ్యాజ్యంలో చెప్పింది. ఒక కారు ఒకరి తరువాత ఒకరికి చేతులు మారింది. ఆర్‌.సి. మాత్రం మొదటివారి పేరనే ఉండిపోయింది. ప్రమాదం జరిగినప్పుడు, ఎవరి పేరు రిజిస్టరులో ఉన్నదో వారే యజమాని, నష్టపరిహారం వారిదేనని కోర్టు తీర్పునిచ్చింది. అంటే బండి అమ్మి డబ్బు తీసుకున్న రైతు, రెండేళ్ల తరువాత ఎక్కడో ఎవరో చేసిన ప్రమాదానికి పొలం అమ్ముకోవలసి రావచ్చు. కొన్నవారికీ క్షేమం లేదు. తన పేర లేని బండికి బీమా సొమ్ము అడిగే వేళ చిక్కులు తప్పవు. అందువల్ల అమ్మేవారూ కొనేవారూ కలిసి ఆర్‌.టి.ఓ.కు పోవడం ఇద్దరికీ రక్ష.

నమోదు పదిహేనేళ్లకే చెల్లుతుంది. తరువాత ఐదేళ్లకొకసారి పునరుద్ధరించుకోవాలి. దాని రుసుము 2022 ఏప్రిల్ నుండి బాగా పెరిగింది. పదమూడు, పద్నాలుగేళ్ల బండి కొనేవారు ఈ ఖర్చును గుర్తుంచుకొనవలెను. ప్రభుత్వపు పరివాహన్ యాప్‌లో బండి నెంబరు వేస్తే బీమా, నమోదు గడువులు తెలుస్తాయి. ఛాసిస్ నెంబరు, ఇంజను నెంబరు ఆర్‌.సి.లో ఉన్నట్లే బండిపై ఉన్నాయా అని అంకె అంకె సరిచూడవలెను. అంకెలు గీకినట్లు కనిపిస్తే మాట్లాడక వెనుదిరగడమే మంచిది.

కన్నడ కాగితంలో కనిపించే మాటలు

కర్ణాటక ఆర్‌.టి.ఓ. కార్యాలయాలలో సూచనలు కన్నడంలో ఉంటాయి. లిపి మనకు దగ్గరిదే గనుక కూడబలుక్కుని చదవవచ్చు. అర్థం తెలిస్తే దళారి అవసరం సగం తగ్గుతుంది. నోందణి అంటే నమోదు. వర్గావణె అంటే బదిలీ. తెరిగె అంటే పన్ను. విమె అంటే బీమా. సాల అంటే అప్పు. అర్జి అంటే దరఖాస్తు. దండ అని ఉంటే పూలదండ అనుకోరాదు, అది జరిమానా. కొనేముందు ఆ బండిపై బెంగళూరు ట్రాఫిక్ పోలీసుల దండ ఎంత ఉన్నదో చూసి, అమ్మేవారి చేతనే కట్టించవలెను.

నాలుగు కాలాల సంరక్షణ

జూన్ నుండి నైరుతి వానలు, అక్టోబరు నుండి ఈశాన్య వానలు మన ప్రాంతాన్ని తడుపుతాయి. ఈ నెలలలో వారానికొకసారి చైను వదులు చూసుకొనవలెను. నూరు సి.సి. బండ్లకు సాధారణంగా రెండు నుండి మూడు సెంటీమీటర్ల వదులు ఉంటుంది. సరియైన కొలత బండి పుస్తకంలో ఇస్తారు. చైనును పెట్రోలుతో కడగరాదు. కిరోసినులో తడిపిన గుడ్డతో తుడిచి, ఆరిన తరువాత 90 నెంబరు గేరు నూనె పలుచగా పూస్తే చాలును. వాడేసిన ఇంజను నూనె పూయడం పాత అలవాటు, దానిలోని మసి చైనుకు హాని. నీటి గుంత దాటిన తరువాత బ్రేకును రెండుసార్లు మెల్లగా నొక్కి ఆరబెట్టుకొనవలెను.

డిసెంబరు, జనవరి ఉదయాలలో మాలూరు, హొసకోట దారులపై మంచు దట్టంగా కమ్ముతుంది. ముందు దీపం, వెనుక దీపం, బ్రేకు దీపం మూడూ వెలుగుతున్నాయా అని ప్రతి సాయంత్రం చూడడం ఇంటిలోని పిల్లలకు అప్పగించవచ్చు. మార్చి నుండి ఎండలు. టైరు గాలిని వేడెక్కిన తరువాత కాక, ఉదయం బయలుదేరేటప్పుడు సరిచూడవలెను. పాల క్యాను కట్టి డైరీకి పోయి వచ్చిన బండితోనే పనికి పోయేవారు వెనుక టైరు గాలి విషయంలో మరింత జాగ్రత్త వహించవలెను. కర్ణాటకలో 2016 జనవరి నుండి వెనుక కూర్చున్నవారికి కూడా హెల్మెట్టు తప్పనిసరి. బండి ధరలోనే రెండు ఐ.ఎస్‌.ఐ. హెల్మెట్ల ఖర్చు కలిపి లెక్కవేసుకొనవలెను.

ముగింపుగా

ఏడాది పొడవునా నడిచే బండిని నిర్ణయించేది దాని లోపల తిరిగేది షాఫ్టా, చైనా అన్నది కాదు. దుమ్ముకు, వానకు మూసి ఉన్నదా? చెడితే ఆదివారం నాడు మన ఊరి మెకానికు చేతిలో బాగవుతుందా? కాగితాలు మనిషితో పాటు సరిహద్దు దాటగలవా? ఈ మూడింటికీ ఔనని జవాబు వచ్చిన బండి ఏదైనా మంచిదే. ఒక్కదానికి కాదని వచ్చినా, ధర ఎంత తక్కువైనా వదలివేయవలెను.

పనికి పోయే కొడుకు లేక కూతురు ఒక షిఫ్టు తప్పితే ఒక రోజు కూలి పోతుంది. బ్రేకు తప్పితే, కాగితం తప్పితే పోయేది దానికంటే చాలా ఎక్కువ. కావున బండి చూడడానికి పోయేటప్పుడు పిల్లవానితో పాటు నమ్మకమైన మెకానికునొకరిని, ఆర్‌.సి. చదవగల పెద్దనొకరిని వెంట తీసుకొని పోవలసిందిగా తల్లిదండ్రులకు మనవి.